లవంగం ఒక కొసన, పంపరపనస ఒక కొసన: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కిందటి సంచికలో గోధుమ బీర్ల గురించి రాస్తూ, బెల్జియం ఈస్టుతో పులియబెట్టి అమెరికా హాప్స్‌ను ధారాళంగా వేసే బెల్జియన్ ఐపీఏ అనే రకాన్ని (ఏల్ అంటే వెచ్చగా పులియబెట్టే బీరు, ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్, హాప్స్ అనే పువ్వుల చేదు ఎక్కువగా ఉండేది) ఒకే ఒక వాక్యంలో దాటవేశాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ వాక్యాన్ని పట్టుకునే వచ్చాయి. కొన్నింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది తెనాలి. పదకొండేళ్లుగా బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఉంటున్నాం. ఫిబ్రవరిలో మా పెద్దమ్మ కొడుకు కాలిఫోర్నియా నుంచి వస్తూ నాలుగు చిన్న సీసాలు తెచ్చాడు. లేబుల్ మీద బెల్జియన్ శైలి ఐపీఏ అనీ, ఆల్కహాలు 8.3 శాతం అనీ ఉంది. ఆ వారంలోనే అన్నయ్యా నేనూ రెండు తాగాం. నారింజ తొక్క గిల్లినట్టు వాసన, వెనకాలే చేదు. కొత్తగా ఉన్నా బాగుందనిపించింది. మిగిలిన రెండింటినీ వంటింటి అటక మీద పెట్టి మరిచిపోయాను. జూన్‌లో ఒకటి తీసి తాగితే నారింజ వాసన జాడ లేదు. పంటి వైద్యుడి గదిలోకి అడుగు పెట్టినట్టు లవంగ నూనె వాసన, దాని మీద మందుబిళ్ల నాలుక మీద కరిగినంత చేదు. చెడిపోయిందా? లేక మొదటిసారి అన్నయ్య వచ్చిన హుషారులో నాకే తెలియలేదా? (ఒక పాఠకుడు, మారతహళ్లి)

జవాబు: మీ నాలుక రెండుసార్లూ నిజమే చెప్పింది. పాలు విరిగినట్టో పప్పు పాచిపోయినట్టో ఆ బీరు చెడిపోలేదు. అందులో సగం వెళ్లిపోయింది, సగం మిగిలింది. ఈ రకాన్ని అర్థం చేసుకోవడానికి మీరు తెలియకుండా చేసిన ఈ పరీక్ష కంటే మంచి పాఠం నేను చెప్పలేను గనుక కొంచెం వివరంగా రాస్తాను.

ఈ బీరులో రెండు వేర్వేరు వంశాల వాసనలు ఒకే కప్పు కింద కాపురం చేస్తాయి. మొదటిది హాప్స్ వంశం. హాప్స్ అంటే చలిదేశాల్లో పందిళ్లకు పాకించే ఒక తీగ పూసే ఆడపువ్వులు. (వృక్షశాస్త్రం దీన్ని గంజాయి కుటుంబంలోనే చేర్చింది గాని, ఆ మత్తు దీనికి లేదు, ఆ మాట విని ఉత్సాహపడేవారు నిరుత్సాహపడక తప్పదు.) ఈ పువ్వుల్లోని ఆల్ఫా ఆమ్లాలు మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) కషాయంతో పాటు గంటసేపు తెర్లితే రూపం మార్చుకుని చేదునిస్తాయి. అవే పువ్వుల్ని పొయ్యి కట్టేసే ముందో, పులియడం ముగిశాక తొట్టెలోనో వేస్తే చేదు అంతగా పెరగదు. వాటి సుగంధ తైలాలు మాత్రం బీరులోకి దిగుతాయి. మన వంటలో ఇంగువను పోపులో వేయడానికీ కొత్తిమీరను దించాక చల్లడానికీ ఉన్న తేడాయే ఇది. ఇంగువ వేడి నూనెలో పడితేనే పలుకుతుంది, కొత్తిమీర పొయ్యి మీద ఉంటే పోతుంది. అమెరికాలో 1972లో విడుదలైన కాస్కేడ్ మొదలుకొని, తర్వాత వచ్చిన సెంటెనియల్, సిమ్కో, అమరిల్లో, సిట్రా వరకు అక్కడి హాప్స్‌కు నిమ్మజాతి పండ్ల తొక్క వాసన, కొన్నింటికి చెట్ల జిగురు వాసన ప్రసిద్ధి. మీరు ఫిబ్రవరిలో పీల్చిన నారింజ తొక్క అదే.

రెండోది ఈస్టు వంశం. బెల్జియం ఈస్టుల్లో చాలావాటికి ఒక గుణం ఉంది. మాల్టులో సహజంగా ఉండే ఫెరూలిక్ ఆమ్లాన్ని అవి 4-వినైల్ గ్వాయకాల్ అనే పదార్థంగా మారుస్తాయి. దాని వాసన అచ్చం లవంగం వాసన. అమెరికా, ఇంగ్లండు ఏల్స్‌లో వాడే మామూలు ఈస్టులకు సాధారణంగా ఈ విద్య ఉండదు. వాటి బీరులో లవంగం వస్తే అక్కడ దాన్ని దోషంగా లెక్కిస్తారు. బెల్జియంలో అదే గుణం. ఆ ఈస్టును కాస్త వెచ్చగా, ఇరవై డిగ్రీలు దాటిన వేడిలో పులియనిస్తే లవంగంతో పాటు ముగ్గిన అరటిపండు, బేరిపండు వాసనలిచ్చే ఎస్టర్లు అనే పదార్థాలు కూడా పుడతాయి. బీరులో ఎవరూ లవంగాలు వేయరు, అరటిపండ్లు పిసకరు. అంతా ఈస్టు చేసే వంటే.

చిక్కు ఎక్కడంటే, ఈ రెండు వంశాల గడియారాలు ఒకే వేగంతో తిరగవు. హాప్స్ సుగంధం మల్లెపూల వంటిది. చల్లగా ఉంచితే కొన్నాళ్లు ఆగుతుంది, వెచ్చగా ఉంచితే ఆవిరి కాకపోయినా ఆక్సిజన్ తగిలి రూపం మారిపోతుంది. అందుకే అమెరికాలో ఐపీఏలు చేసేవారు సీసా మీద తేదీ వేసి తొందరగా తాగమంటారు. బెల్జియం సంప్రదాయం దీనికి ఎదురు. సీసాలోనే మరోసారి పులియనిచ్చి, గాఢమైన ఏల్స్‌ను నెలల తరబడి, కొన్నింటిని ఏళ్ల తరబడి నేలమాళిగలో దాచుకోవడం అక్కడి అలవాటు. లేబుల్ మీద బెల్జియన్ అని ఉంటే దాచుకోవాలి, ఐపీఏ అని ఉంటే తొందరపడాలి. రెండూ ఉంటే ఏం చేయాలి? నా లెక్కలో ఐపీఏ మాటే వినాలి. ఏప్రిల్‌లో బెంగళూరు పగటి వేడి 34 డిగ్రీలకు చేరుతుంది, పొయ్యి పైనున్న అటక మీద ఇంకా ఎక్కువ. నాలుగు నెలల్లో నారింజ తెర జారిపోయింది. వెనక నిలబడి ఉన్న లవంగం పెరగలేదు, నిజానికి కాలంతో అదీ కొంత తగ్గే ఉంటుంది. ముందున్నవారు లేచి వెళ్లారు గనుక మీకు నిండుగా కనిపించింది.

ఇక మందుబిళ్ల చేదు సంగతి. మన ఇళ్లలో కాకరకాయ కూరలో బెల్లం ఎందుకు వేస్తారో మీకు తెలుసు. మామూలు అమెరికా ఐపీఏలో మాల్టు మిగిల్చే కొద్దిపాటి తీపి ఆ బెల్లం పని చేస్తుంది. బెల్జియం పద్ధతిలో బెల్లానికి బదులు చక్కెరే పోస్తారు. అయితే ఈస్టు ఆ చక్కెరను చివరి రేణువు దాకా తినేసి ఆల్కహాలును మాత్రమే మిగులుస్తుంది. పోసింది చక్కెరే గాని వచ్చింది తీపి కాదు, పలచని పొడి రుచి. అంటే ఇది బెల్లం వేసి కూడా బెల్లం లేని కాకరకాయ కూర. తాజాగా ఉన్నప్పుడు పండ్ల వాసన ముక్కును మభ్యపెట్టి తీపి ఉన్న భ్రమ కలిగిస్తుంది. ఆ వాసన పోగానే చేదు బట్టలు విప్పుకుని నిలబడుతుంది.

అటక చీకటి మీకు ఒక మేలు చేసింది. ఎండ తగిలి ఉంటే హాప్స్ చేదు పదార్థాలు వెలుతురులో విరిగి, భరించరాని గంధకపు కంపు పుట్టేది; గోధుమరంగు సీసా దాన్ని చాలావరకు ఆపుతుంది గాని పూర్తిగా ఆపలేదు. మిగిలిన ఆ ఒక్క సీసాను ఫ్రిజ్‌లో పెట్టండి, ఆలస్యం చేయకుండా తాగేయండి. కూరలో మాత్రం పోయకండి. మరిగితే నీరు పోయి చేదు చిక్కబడుతుంది. బజ్జీల పిండిలో అరగ్లాసు కలుపుకుంటే నష్టం లేదు.

ప్రశ్న: నేను హిందూపురం దగ్గర కళాశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుని, బసవనగుడిలో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మా అల్లుడు ఇటువంటి బీర్లు రుచి చూసి నోటు పుస్తకంలో రాసుకుంటాడు. అన్నీ ఇంగ్లీషు మాటలే: గ్రేప్‌ఫ్రూట్, పైన్, బబుల్‌గమ్. మొన్న నేనూ రెండు చెంచాలు రుచి చూసి, ఇందులో వగరు ఉందన్నాను. 'వగరు కాదు అత్తయ్యగారూ, అది చేదు' అన్నాడు. ఎవరిది ఒప్పు? ఈ రుచులు తెలుగులో రాయడం కుదరదా? (ఒక పాఠకురాలు, బసవనగుడి)

జవాబు: మీదే ఒప్పండీ, అయితే అల్లుడుగారిది తప్పని కూడా అనలేను. చేదు నాలుక మీద తెలిసే రుచి: వేపపువ్వు, మెంతులు, కాకర. వగరు రుచి కంటే స్పర్శ అనదగినది. జామపిందె కొరికితేనో, కరక్కాయ బుగ్గన పెట్టుకుంటేనో నోరు లోపలంతా గుంజుకుపోయి గరుకుగా అవుతుందే, అది. ఈ బీరులో హాప్స్‌ను తొట్టెలో ఎక్కువగా నానబెట్టినప్పుడు ఆకుల తాలూకు పాలీఫినాల్స్ దిగి ఆ వగరునిస్తాయి, దానికి ఈస్టు తెచ్చిన లవంగపు ఘాటు తోడవుతుంది. ఇంగ్లీషులో రాసుకునేవారు చాలామంది ఈ రెండింటినీ కలిపి చేదు ఖాతాలో వేసేస్తారు. ఏటా ఉగాదినాడు ఆరు రుచులను వేరు వేరుగా పేరు పెట్టి తినే మనకు ఆ ఇబ్బంది లేదు. ఈ విషయంలో అల్లుడుగారు మీ దగ్గర కొన్నాళ్లు శిష్యరికం చేయవచ్చు.

తెలుగులో రాయడం కుదురుతుంది. మనం ఎన్నడూ కొనని పండు పేరు రాసుకోవడం కంటే మేలు కూడా. గ్రేప్‌ఫ్రూట్‌కు దగ్గరి చుట్టం పంపరపనస. తొనల మీది తెల్లని పొర ఒలవకుండా నమిలితే వచ్చే చేదు, తొక్క గిల్లితే కళ్లలోకి చిమ్మే నూనె, రెండూ ఈ బీరులో ఉంటాయి. ఇంకాస్త ఘాటైతే దబ్బకాయ, దబ్బాకు. సిట్రా వంటి హాప్స్‌లో కొందరు మామిడిపండు అని రాస్తారు. నాకు మాత్రం కాయ తొడిమ తుంచినప్పుడు కారే సొన ముందుగా గుర్తొస్తుంది. ఇది కవిత్వం కాదు, హాప్స్ తైలంలో ప్రధానమైన మిర్సీన్ అనే పదార్థం మామిడిలోనూ ఉంది. పైన్ అనేదానికి గుగ్గిలం ముద్దను నిప్పుల మీద వేయకముందు వేళ్ల మధ్య నలిపితే వచ్చే జిగురు వాసన చాలు. బబుల్‌గమ్ అని రాసినచోట తొక్క మీద నల్ల చుక్కలు పడ్డ చక్కెరకేళి అని రాయండి. ఈస్టు మడ్డి కలిసిన చివరి గుక్కకు, రాత్రి రుబ్బి పెట్టిన ఇడ్లీ పిండి మూత తెల్లవారి తీసినప్పటి వాసన.

ఊరికే పాఠం చెప్పి తప్పించుకోవడం బాగుండదు గనుక, జయనగరంలో ఒక మిత్రుడి మేడమీద ఈమధ్య తెరిచిన సీసా గురించి నేను రాసుకున్నది యథాతథంగా ఇస్తున్నాను. అది అమెరికా పడమటి తీరం నుంచి వచ్చిన సీసా, చేసి ఆరు వారాలైంది, దారి పొడుగునా చల్లగానే వచ్చింది.

'రంగు కరిగిన నెయ్యి కంటే ఒక ఛాయ ముదురు, కొంచెం మసక. నురుగు వెన్న తీసిన మజ్జిగ మీది నురుగులా చిన్న చిన్న బుడగలతో లేచి, గ్లాసు గోడలకు అంటుకుంటూ నిదానంగా దిగింది. ముక్కు దగ్గర పెట్టగానే పంపరపనస తొక్క, దాని వెనక దబ్బాకు. గ్లాసు తిప్పి మళ్లీ చూస్తే అప్పుడు లవంగం, మిరియపు పొడి. అరటిపండు ఉందని మిత్రుడంటాడు, నాకు దొరకలేదు. మొదటి గుక్కలో బుడగలు నాలుకను గుచ్చాయి, తీపి ఉన్నట్టే ఉండి గొంతు దగ్గర మాయమైంది. మింగాక రెండు క్షణాలు ఏమీ లేదు. ఆ తర్వాత చేదు వచ్చింది, నాలుక మొదట్లో మెంతి గింజ నమిలినట్టు కూర్చుంది, కదలలేదు. రెండో గ్లాసు నాటికి చల్లదనం తగ్గి ఎండిన మరువం వాసన ఒకటి పైకి తేలింది. ఈ సీసాలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. చివరి నాలుగు గుక్కల్లో లవంగం, చేదు ఒకదాన్నొకటి ఎత్తిపొడుచుకున్నాయి. సగం దాకా ముచ్చట, తర్వాత ఓర్పు.'

ఆ చివరి మాట ఈ రకం మొత్తం మీద నా అభిప్రాయం కూడా. లవంగం తక్కువగా ఉండి అరటి, బేరి వాసనలు ఎక్కువగా ఇచ్చే ఈస్టును ఎంచుకున్నప్పుడే అమెరికా హాప్స్ దానితో పొత్తు కుదుర్చుకుంటాయి. పండూ పండూ కలుస్తాయి. లవంగమూ, గుగ్గిలమూ, ఆ మీద చేదూ ఒకేచోట పడితే ఆయుర్వేద దుకాణం తలుపు తీసినట్టే ఉంటుంది.

ప్రశ్న: దీన్ని మొదట మొదలుపెట్టింది బెల్జియం వారా, అమెరికా వారా? మా కార్యాలయంలో ఈ విషయం మీద పందెం ఉంది. (ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్)

జవాబు: పందెం డబ్బు చెరిసగం పంచుకోండి. హాప్స్ ఎక్కువగా వేయడం బెల్జియానికి కొత్తేమీ కాదు. ఆ దేశపు పడమటి కొసన పోపెరింగె అనే ఊరు హాప్స్ సాగుకు పేరుపడింది, అక్కడ హాప్స్‌కు ఒక మ్యూజియమే ఉంది. ఒర్వాల్ మఠంలో 1930ల నుంచి చేస్తున్న ఏల్‌లో పులియడం అయ్యాక కూడా హాప్స్ వేస్తారు. ఆ వాసన యూరప్ హాప్స్‌ది, పువ్వులూ గడ్డీ తలపిస్తుంది, పంపరపనస కాదు.

అమెరికాలో కథ వేరుగా నడిచింది. 1980లో మొదలైన సియెర్రా నెవాడా పేల్ ఏల్ కాస్కేడ్ హాప్స్ వాసనను జనానికి అలవాటు చేసింది. కొన్నాళ్లకు బెల్జియం మోజు కూడా అక్కడికి చేరింది. కొలరాడోలో న్యూ బెల్జియం 1991లో, మేన్ రాష్ట్రంలో అల్లగాష్ 1995లో, న్యూయార్క్ రాష్ట్రంలో ఒమ్మెగాంగ్ 1997లో మొదలయ్యాయి. వీటికంటే నాకు ఇష్టమైన కథ పియెర్ సెలిస్ అనే ఆయనది. బెల్జియంలోని హ్యూగార్డెన్ ఊళ్లో ఆఖరి గోధుమ బీరు కార్ఖానా కూడా మూతపడ్డాక, 1960ల్లో దాన్ని తిరిగి బతికించింది ఆయనే. 1985లో అగ్నిప్రమాదం జరిగి, సంస్థ పెద్ద కంపెనీ చేతిలోకి వెళ్లాక, ఆయన టెక్సాస్‌లోని ఆస్టిన్‌కు వెళ్లి 1992లో మళ్లీ అదే బీరు కాచాడు. ధనియాలూ, నారింజ తొక్కా వేసే ఆ తెల్ల బీరు వంశంలోనివే ఈనాడు మన బెంగళూరు బ్రూపబ్బుల పట్టికల్లో కనిపించే బెల్జియన్ విట్‌లు.

రెండు దారులూ 2005 తర్వాత కలిశాయి. బెల్జియంలోని అషూఫ్ వారు 2006లో హూబ్లోన్ షూఫ్ తెచ్చారు. హూబ్లోన్ అంటే ఫ్రెంచిలో హాప్స్. 9 శాతం ఆల్కహాలు ఉన్న, గాఢమైన బెల్జియం ఏల్ రకమైన ఆ ట్రిపెల్‌లో అమెరికా అమరిల్లో ఉంది. మరుసటి ఏడు డ్యూవెల్ వారు తమ ఏల్‌లో మూడో హాప్‌గా అదే అమరిల్లోను వేసి ట్రిపెల్ హాప్ అనే సీసా తీశారు. 2008లో కాలిఫోర్నియాలోని స్టోన్ వారు తమ మామూలు ఐపీఏకు బెల్జియం ఈస్టు తగిలించి కాలి-బెల్జీక్ చేశారు. మాల్టూ, హాప్సూ పాతవే ఉండి ఈస్టు ఒక్కటే మారితే రుచి ఎంత మారుతుందో చూపించడానికి దానికంటే చక్కని ఉదాహరణ లేదు.

రెండు దేశాల సీసాలూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. బెల్జియం వారి సీసాలో అమెరికా హాప్స్ పండక్కి వచ్చిన కొత్త అల్లుడు. మర్యాదలన్నీ జరుగుతాయి గాని ఇంటి పెత్తనం ఇవ్వరు. అమెరికా వారి సీసాలో బెల్జియం ఈస్టు ఇల్లరికపు అల్లుడు, ఉండనిస్తారు, మాట్లాడనివ్వరు. నేను మొదటి ఇంటి భోజనానికే ఓటేస్తాను.

ప్రశ్న: చిన్న సీసాయే కదా అని ఒకటి తాగితే తల బరువెక్కింది. మామూలు బీరుతో సమానం కాదా? (ఒక పాఠకుడు, కోరమంగల)

జవాబు: కాదు. అమెరికా చిన్న సీసాలో 355 మిల్లీలీటర్లు ఉంటాయి. 8.3 శాతం చొప్పున అందులో శుద్ధ ఆల్కహాలు 29 మిల్లీలీటర్లు దాటుతుంది. మన విస్కీ 42.8 శాతం, 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులో ఉన్నది దాదాపు 26. అంటే ఆ చిన్న సీసా పెద్ద పెగ్గును మించింది. చక్కెరతో తేలిక చేసిన ఒళ్లు, పండ్ల వాసన, ఎక్కువ బుడగలు కలిసి ఆ బరువును దాచేస్తాయి. చేదుకూ మత్తుకూ సంబంధం లేదని కూడా గుర్తుంచుకోండి: పోటీల్లో తీర్పరులు వాడే బీజేసీపీ మార్గదర్శకాలు ఈ రకానికి ఆల్కహాలు 6.2 నుంచి 9.5 శాతం అనీ, చేదు 50 నుంచి 100 ఐబీయూ (చేదును కొలిచే ప్రమాణం) అనీ రెండు వేరు కొలతలు ఇస్తాయి. ఒక సీసాను ఇద్దరు పంచుకోవడం మేలు. బండి తాళాలు ఆ సాయంత్రానికి ముట్టుకోకండి. మన చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరమే.

ప్రశ్న: ఆదివారం ఆంధ్రా మెస్సు నుంచి గోంగూర మాంసం తెప్పించుకుని దీనితో తిన్నాం. నోరు మండిపోయింది. పక్కన ఏం పెట్టుకోవాలి? (ఒక పాఠకురాలు, బీటీఎం లేఅవుట్)

జవాబు: గోంగూర మాంసం అన్నంతో తినండమ్మా, దీనితో వద్దు. ఆల్కహాలు మిరపకారం మంటను ఎగదోస్తుంది, బుడగలు ఆ మంట మీద సూదుల్లా పొడుస్తాయి, గోంగూర పులుపు పక్కన హాప్స్ చేదు ఇనుము నాకినట్టు ఉంటుంది. కారప్పొడి తగ్గించిన కోడివేపుడైనా, పచ్చిమిర్చి దట్టించినదైతే అదే గతి.

చేదును అణిచేది ఉప్పు. నాలుక మీద ఉప్పు తగిలితే చేదు తక్కువగా తెలుస్తుంది. అందువల్ల ఉప్పూ నూనే ఉండి కారం తక్కువగా ఉన్నవి చూసుకోండి: ఉప్పు వేసి ఉడకబెట్టిన వేరుశనగకాయలు, మిరియాలు చల్లిన జీడిపప్పు వేపుడు, చేగోడీలు, పసుపూ ఉప్పూ రాసి వేయించిన చేపముక్క. మిరియం లవంగానికి తోడవుతుంది, మిరపకాయ కాదు. కొబ్బరి వేసిన వేపుళ్లు నాకు బాగా కుదిరాయి. కొబ్బరి తీపి, ఈస్టు తినేసిన చక్కెర లోటును కొంత పూడుస్తుంది. మాకు అనుకోకుండా కుదిరిన జంట ఇంకొకటి: పెసరట్టు, అల్లప్పచ్చడితో కాదు, ఉల్లిపాయ ముక్కలతో. మజ్జిగ మిరపకాయల ఉప్పు బాగుంటుంది గాని కారం మీద నమ్మకం లేదు, ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది.

ప్రశ్న: విదేశీ సీసా కొనే స్తోమత లేదు. బెంగళూరులోనే దొరుకుతుందా? దొరికితే ఎలా అడగాలి? (ఒక పాఠకుడు, రాజరాజేశ్వరి నగర్)

జవాబు: మొదటి ఉత్తరానికి రాసిన జవాబు చదివితే, సీసా కొనలేకపోవడం నష్టం కాదని మీకే తెలుస్తుంది. సముద్రం దాటి, గిడ్డంగుల్లో వేసవి గడిపి, అంగడి అద్దాల వెనక నిలబడ్డ సీసాలో హాప్స్ వంశం చాలావరకు అంతరించి ఉంటుంది. మన ఊళ్లో బ్రూపబ్బులు తొట్టెలో చేసినదాన్ని అక్కడే పోస్తాయి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, ఆన్ ఆర్బర్ ఊరి నుంచి ఆర్బర్ బ్రూయింగ్ కంపెనీ పేరు 2012లోనే బెంగళూరుకు వచ్చింది. అప్పటినుంచి అమెరికా హాప్స్ వాసన ఈ ఊరికి పరాయిది కాదు. బెల్జియన్ ఐపీఏ మాత్రం ఏడాది పొడుగునా దొరికే రకం కాదు, అప్పుడప్పుడు తిప్పుతూ చేసే బీర్లలో వస్తూ ఉంటుంది. మన ప్రమాణాల్లో స్ట్రాంగ్ బీరు అంటే 8 శాతం వరకే కాబట్టి 9 శాతపు ట్రిపెల్ వంటిది ఇక్కడ ఆశించకండి. 6.5, 7 శాతం దగ్గర చేసినవి నాకు ఎక్కువ నచ్చాయి కూడా, చేదు మోయదగినంతే ఉంటుంది.

అడగవలసింది ఒకటే: ఎన్ని రోజుల కిందట దింపారు? మూడు నాలుగు వారాల లోపు అంటే తీసుకోండి. గ్లాసు సంగతి కూడా చూసుకోండి. ఇందిరానగర్‌లో ఒకచోట, పేరెందుకు గాని, ఈ బీరును మంచు పట్టిన బరువైన మగ్గులో, పళ్లు జివ్వుమనేంత చల్లగా తెచ్చి పెట్టారు. ముక్కు పెట్టి ఎంత వెతికినా ఏ వంశమూ పలకలేదు, చేదు ఒక్కటే మిగిలింది. పొట్ట ఉబ్బి నోరు కాస్త లోపలికి వంగిన గ్లాసు అడగండి, చాలాచోట్ల ఉంటుంది. చల్లదనం 7 నుంచి 10 డిగ్రీల మధ్య ఉండాలి. అంతకంటే చల్లగా తెస్తే గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని, వేరుశనగకాయలు ఒలుచుకుంటూ పది నిమిషాలు ఆగండి. ముందు తొక్క వాసన వస్తుంది, తర్వాత లవంగం వస్తుంది, అప్పుడు మొదటి గుక్క తీసుకోండి.